అమ్మ చెప్పిన నూట ఇరవై

కుసైస్‌లో మన తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్తే బాల్కనీలో కరివేపాకు కుండీ ఎలాగూ ఉంటుంది. ఈ మధ్య దానికి తోడు టీవీ కింద సొరుగులో జిప్పున్న చిన్న నల్లసంచీ కూడా తప్పకుండా ఉంటోంది. అందులో షుగరు చూసుకునే మిషను, స్ట్రిప్పుల డబ్బా, సూది పెన్ను. ఎప్పుడు కొన్నారో, ఎంత పెట్టి కొన్నారో ఇంట్లో అందరికీ గుర్తే. ఆఖరిసారి ఎప్పుడు వాడారు అని అడిగితే మాత్రం భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నేను డాక్టరుని కాను, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ఫ్యాక్టరీల్లో ప్రెషరు గేజిలు, టెంపరేచరు మీటర్లు నిజం చెబుతున్నాయా లేదా అని సరిచూడటం నా ఉద్యోగం. నలభై ఒకటో ఏట కంపెనీ మెడికల్ పరీక్షలో నాకూ షుగరు బయటపడింది. కాబట్టి ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు రెండువైపుల నుంచీ అర్హత వచ్చిందనుకుంటాను. మందుల జోలికి పోను, అది మన సంఘంలోని డాక్టరు మిత్రుల పని. కొలత గురించి రాస్తాను.

సంగతి మా అమ్మతో మొదలుపెట్టాలి. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఇక్కడ మంచి మిషను కొని, స్ట్రిప్పులతో సహా తీసుకెళ్ళి ఇచ్చాను. ఎలా చూసుకోవాలో రెండుసార్లు చూపించాను. అప్పట్నించి రోజూ డ్యూటీకి బయల్దేరేముందు ఫోను. "అమ్మా, ఇవాళ ఎంత?" "నూట ఇరవై నాన్నా." ఒక్కోరోజు నూట పద్దెనిమిది. పండగ మర్నాడు నూట ముప్ఫై. ఈ వయసులో మా అమ్మ షుగరు ఎంత కంట్రోల్లో పెట్టుకుందో చూడండి అని ఆఫీసులో నలుగురికీ గొప్పగా చెప్పేవాణ్ణి.

ఏడాదిన్నర తర్వాత సంక్రాంతికి వెళ్ళాను. కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు, రెండు నెలలుగా మానలేదు. చెప్పులు కరిచిందంది. ల్యాబులో పరీక్ష చేయిస్తే మూడునెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4 వచ్చింది. ఇంటికొచ్చి మిషను తెరిచాను. ఈ మిషన్లలో పాత లెక్కలు తేదీలతో సహా నిలవ ఉంటాయి. నేనిచ్చిన మొదటి పదిరోజుల్లో చూసుకున్నవి తొమ్మిది. 212, 188, 241... అందులో ఒక్క నూట ఇరవై కూడా లేదు. ఆ తర్వాత అసలేమీ లేవు. స్ట్రిప్పుల డబ్బాలు పూజగదిలో అగరొత్తుల పక్కన భద్రంగా ఉన్నాయి.

"ఎందుకమ్మా ఇలా చేశావు?" అన్నాను.

"మొదట్లో రెండొందలు అని చెప్పినప్పుడల్లా కేకలేశావు. ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు అని. నూట ఇరవై అన్నరోజున పిల్లల కబుర్లు చెప్పావు. నాకు నీతో మాట్లాడాలని ఉంటుంది గానీ రోజూ పొద్దున్నే పాఠం అప్పజెప్పాలని ఉంటుందా చెప్పు?"

నాకు జవాబు తోచలేదు. నా వృత్తిలో ఇది చాలా పాత కథ. గేజి ఎక్కువ చూపించినప్పుడల్లా సూపర్‌వైజరు ఆపరేటరుని తిడితే, కొన్నాళ్ళకి ఆపరేటరు గేజి దగ్గరికి వెళ్ళడం మానేసి కుర్చీలో కూర్చునే లాగ్‌బుక్కు నింపేస్తాడు. అంకెలు ముత్యాల్లా ఉంటాయి. ఒకరోజు పైపు పగులుతుంది. ఇరవయ్యేళ్ళుగా కుర్రాళ్ళకి ఈ సంగతి చెబుతున్న నేను, మా ఇంట్లో ఆ సూపర్‌వైజరుని నేనేనని తెలుసుకోలేకపోయాను.

మనవాళ్ళకి అంకె కనిపిస్తే అది మార్కు. ఎంసెట్ ర్యాంకు దగ్గర్నుంచి మనకి పట్టుకున్న జబ్బు ఇది. షుగరు అంకెని కూడా పాసు, ఫెయిలు కిందే చూస్తాం. అందుకే రాత్రి మేజువాణీ భోజనం చేసినవాడు మర్నాడు చూసుకోడు, ఉపవాసం ఉన్నరోజున మాత్రం చూసుకుని వాట్సాప్‌లో పెడతాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళే వారం ముందు అన్నం మానేసేవాళ్ళు నాకు కనీసం అరడజను మంది తెలుసు. వాళ్ళలో ఒకాయన స్వయానా డాక్టరు! ఎక్కువ వచ్చినరోజు అంకే పనికొచ్చే అంకె. తక్కువ వచ్చిన రోజున తెలుసుకోవాల్సింది ఏముంది?

ఈ మిషను ఇంటిదాకా రావడానికి ఎంతకాలం పట్టిందో తలచుకుంటే దాన్ని సొరుగులో పడేయడానికి మనసొప్పదు. మా తాతగారికి షుగరు. నా చిన్నప్పుడు పెరట్లో స్పిరిటు దీపం, గాజు గొట్టం, నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం ఉండేవి. అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి మరిగించేవారు. నీలంగానే ఉంటే తాతగారు కాఫీలో పంచదార వేయించుకునేవారు. ఆకుపచ్చ అయితే ఊరుకునేవారు. పసుపు దాటి ఇటికరంగుకి వస్తే ఇంట్లో ఎవరూ ఆయన్ని పలకరించేవాళ్ళు కారు. చిక్కేమిటంటే, రక్తంలో షుగరు సుమారు 180 దాటితేగానీ మూత్రంలోకి రాదు. పైగా అది కొన్ని గంటల కిందటి సంగతి. షుగరు పడిపోతే ఆ పరీక్షకి అసలు తెలియదు. నీలం చూసి నిశ్చింతగా ఉన్న తాతగారు ఎన్నిసార్లు చెమటలు పట్టి పడిపోయారో!

రక్తపు చుక్కతో చూసే డెక్స్‌ట్రోస్టిక్స్ కాగితం 1965 ప్రాంతంలో అమెరికాలో వచ్చింది. దాని రంగుని చదివే మిషన్ని ఏమ్స్ కంపెనీ ఆ తర్వాత చేసింది. మూడు పౌన్ల బరువు, 650 డాలర్ల ధర. డాక్టర్లకీ ఆస్పత్రులకీ తప్ప అమ్మరు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని ఒక ఇంజనీరు (మన జాతివాడే!), పన్నెండో ఏట నుంచీ షుగరుతో ఉన్నవాడు, 1969లో ఒక పత్రికలో ఆ ప్రకటన చూశాడు. రాత్రిపూట ఎమర్జెన్సీకి వచ్చినవాడు తాగి పడిపోయాడా, షుగరు వల్ల పడిపోయాడా తేల్చడానికి పనికొస్తుందని అందులో ఉంది. ఆయన భార్య డాక్టరు. ఆవిడ పేరు మీద తెప్పించుకుని రోజుకి అయిదారుసార్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఏం తింటే ఎంత పెరుగుతోంది, ఒక యూనిట్ ఇన్సులిన్‌కి ఎంత తగ్గుతోంది అని ఇంజనీరు లెక్కలు వేసుకున్నాడు. తను చూసింది రాసి పంపితే వైద్య పత్రికలు వేసుకోలేదు. దాంతో నలభై అయిదో ఏట మెడికల్ కాలేజీలో చేరి డాక్టరయ్యాడు. 2025లో, 90 ఏళ్ళ వయసులో పోయాడు. ఆయన చెప్పిన తిండి పద్ధతి మీద డాక్టర్లలో వాదాలున్నాయి, వాటిలోకి నేను వెళ్ళను. ఆయన ఎక్కువ అంకెని చూసి సిగ్గుపడలేదు, "ఎందుకు?" అని అడిగాడు. నాకు కావలసింది అంతవరకే.

ఇక మిషను సంగతి. ఇది ల్యాబు పరీక్ష అంత కచ్చితంగా ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 పైన ఉన్నప్పుడు వందలో 95 సార్లు 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలు. అంటే ఒకే నిమిషంలో ఒకసారి 140, ఒకసారి 155 వస్తే మిషను పాడైందని పారేయనక్కర్లేదు. ఆ తేడాకి మన అబ్బాయిలు "డాడీ, ఇది చైనా మాలు" అంటారు. అది గేజి స్వభావం, అంతే. షుగరు ఉందా లేదా అని తేల్చడానికి కూడా ఈ మిషను సరిపోదు. దానికి ల్యాబుకి వెళ్ళాల్సిందే.

కానీ 15 శాతంతో పోని తప్పులు మనం చేస్తున్నాం. మా బిల్డింగులో ఒకాయన ఆదివారం మధ్యాహ్నం కంగారుగా వచ్చాడు, 340 వచ్చిందని. చెయ్యి చూస్తే బంగినపల్లి మామిడిపళ్ళు కోస్తూ లేచి వచ్చాడు. సబ్బుతో కడుక్కుని తుడుచుకుని మళ్ళీ చూస్తే 162. వేలికంటిన పండురసం చాలు, మిషను దాన్నీ లెక్కేస్తుంది.

రెండోది మన ఎడారికే ప్రత్యేకం. స్ట్రిప్పుల్లో ఉండేది ఎంజైము. డబ్బా మీద చదవండి, మామూలుగా 30 డిగ్రీలు దాటనీయవద్దని ఉంటుంది. జులైలో దమాస్కస్ స్ట్రీట్ పక్కన ఎండలో ఆపిన కారులో ఎంత వేడి ఉంటుందో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి చెప్పాలా? ఆ డాష్‌బోర్డులో స్ట్రిప్పులు పెట్టుకుని, "నాది ఈ మధ్య చాలా తగ్గిందండీ" అని సంతోషించిన మిత్రుడు నాకున్నాడు. తగ్గింది షుగరు కాదు, స్ట్రిప్పుల పని. ఫ్రిజ్‌లో పెట్టడమూ తప్పే, చెమ్మ పడుతుంది. డబ్బా మూత బిగించి ఏసీ గదిలో ఉంచండి. ఊరు వెళ్ళేటప్పుడు చేతిసంచీలో పెట్టుకోండి. స్ట్రిప్పులు ఇండియాలో చవక అని చుట్టాల చేత డబ్బాలు తెప్పించుకునే అలవాటు మనకుంది. తప్పులేదు గానీ అవి ఆ మిషనుకే సరిపడేవా, గడువు ఎప్పటిదాకా ఉంది చూసుకోవాలి. మిషను చవగ్గా ఇచ్చి స్ట్రిప్పుల్లో డబ్బు లాగడం ఈ వ్యాపార రహస్యం, ఇంకు ప్రింటర్ల లాగానే.

లండన్ నుంచి బావమరిది తెచ్చిన మిషన్లో 7.2 వచ్చిందని మా ఎదురింటావిడ ఏడ్చినంత పని చేసింది. అక్కడివి వేరే కొలతలో చూపిస్తాయి. దాన్ని 18తో గుణిస్తే మన కొలత, సుమారు 130.

అన్నిటికంటే నాకు భయమేసేది బ్యాచిలర్ ఫ్లాట్ల సంగతి. కుసైస్‌లో, పక్కనున్న ముహైస్నాలో ఒక గదికి అయిదారుగురు ఉంటారు. ఒకే మిషను, ఒకే సూది పెన్ను, "నాదయిపోయింది, నువ్వు చూసుకో" అని చేతులు మారుతుంది. సూది మారిస్తే చాలదు, పెన్ను మూతికి కూడా కంటికి కనపడని రక్తం అంటుకుంటుంది. ఆ దోవన హెపటైటిస్ బి పాకడం ఆస్పత్రుల్లోనే జరిగింది. పెన్ను ఎవరిది వాళ్ళదే. ఇంట్లో భార్యాభర్తలకైనా సరే. షుగరు చూసుకోవడం పళ్ళు తోముకోవడం లాంటిదనుకోండి, బ్రష్షు పంచుకోంగా!

ఎన్నిసార్లు చూసుకోవాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి ఇందులో బేరం లేదు, డాక్టరు చెప్పినన్నిసార్లు చూసుకోవాలి. కేవలం మాత్రలు, తిండి, నడక మీద ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం నిజం ఒప్పుకోవాలి. అమెరికాలో నార్త్ కరోలినాలో ఇన్సులిన్ అక్కర్లేని 450 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2017లో ఫలితం ప్రకటించారు. రోజూ పొడుచుకున్నవాళ్ళకీ, పొడుచుకోనివాళ్ళకీ ఏడాది చివర హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకది ఆశ్చర్యం కలిగించలేదు. గేజి చూసి వాల్వు తిప్పకపోతే ప్రెషరు దానంతటది తగ్గదు కదా. రోజూ పొద్దున్నే ఒక్కసారి పరగడుపున చూసుకుని, అంకె రాసి, అవే నాలుగు ఇడ్లీలు తింటే వేలికి చిల్లు, జేబుకి చిల్లు.

నా అభిప్రాయం ఇది. అలాంటివాళ్ళు రోజూ చూసుకోవడం మాని, నెలకొక వారం బుద్ధిగా జంటలుగా చూసుకోవాలి. భోజనానికి ముందొకటి, మొదటి ముద్ద తిన్న రెండుగంటలకి ఒకటి. పక్కన ఏం తిన్నారో రాయాలి. చాలామందికి డాక్టర్లు చెప్పే గురి తినకముందు 80 నుంచి 130, తిన్న రెండుగంటలకి 180 లోపు. పెద్దవాళ్ళకీ గర్భిణులకీ లెక్క వేరు, అది వాళ్ళ డాక్టరే చెప్పాలి. మందు మారినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు ఎలాగూ చూసుకోవాలి. నా పుస్తకంలోది చెబుతాను. నాలుగు ఇడ్లీలు: ముందు 118, తర్వాత 214. రెండు పెసరట్లు: 121, తర్వాత 158. రాత్రి రెండు చపాతీల తర్వాత సోఫాలో కూర్చుంటే 196, అవే తిని పాండ్ పార్కు చుట్టూ అరగంట నడిస్తే 149. ఇవి నా ఒంటి లెక్కలు, మీవి వేరుగా రావచ్చు. అందుకే మీవి మీరు చూసుకోవాలి. ఇడ్లీ ఆవిరిమీద ఉడికింది కాబట్టి షుగరుకి మంచిదని నలభయ్యేళ్ళు నమ్మినవాణ్ణి నేను. ఎవరెంత చెప్పినా వినని నన్ను ఒక్క జంట అంకెలు ఒప్పించాయి.

హెచ్‌బీఏ1సీ ఉండగా ఇదెందుకు అంటారు కొందరు. అది అవసరమే, నేనూ చేయించుకుంటాను. కానీ అది దొంగలు పడ్డ ఆరునెలలకి మొరిగే కుక్క. అదీగాక సగటు. పొద్దున 60, మధ్యాహ్నం 250 ఉన్నా సగటు చక్కగా 7 చూపించవచ్చు. ఆ అరవై ఎక్కడ పడుతుందో తెలియాలి. సాయంత్రం షార్జా దోవ పట్టేవాళ్ళు మనలో ఎంతోమంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, మధ్యాహ్నం మీటింగువల్ల సరిగా తినకుండా, ఇత్తిహాద్ రోడ్డు మీద గంటన్నర ఇరుక్కుంటే చేతులు వణకడం మొదలవుతుంది. అప్పుడు పక్కకి ఆపి చూసుకోవాలి. 70 లోపుంటే మూడు చెంచాల పంచదారో, అరగ్లాసు పళ్ళరసమో తాగి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూసుకోవాలి. మిషను దగ్గర లేకపోతే ముందు పంచదార, తర్వాత పరీక్ష. చాక్లెట్టు పనికిరాదు, అందులో కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది, మన కార్లలో అది ఎలాగూ పాయసమై ఉంటుంది.

రంజాన్, ఉగాది కొన్నేళ్ళుగా దగ్గర దగ్గరగా వస్తున్నాయి. మన సంఘంలోని ముస్లిం మిత్రులు కొందరు రోజా ఉన్నప్పుడు వేలు పొడుచుకుంటే ఉపవాసం భంగమవుతుందనుకుంటారు. కాదని మతపెద్దలూ డాక్టర్లూ కూడా చెబుతున్నారు. 70 లోపుకి పడినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యుల సూచన. ఏకాదశి ఉపవాసాలు చేసే మన అత్తయ్యలకి కూడా ఈ మాట చెప్పండి.

చేతికి అతికించుకునే సెన్సార్లు ఇప్పుడు వచ్చాయి, పద్నాలుగురోజులు పొడుచుకోకుండానే ఫోన్లో గీత చూపిస్తాయి. ఇన్సులిన్ వాళ్ళకి అవి వరమే. మిగతావాళ్ళు స్తోమత ఉంటే ఏడాదికొకటి పెట్టుకుని పాఠం నేర్చుకుంటే చాలని నాకనిపిస్తుంది. రోజంతా ఫోనులో గీత చూసుకుంటూ కూర్చోవడం ఇంకో జబ్బు.

సంఘం పెద్దలకి కూడా ఒక మాట, కోపం తెచ్చుకోరని ఆశిస్తాను. పండగ సభల్లో ఉచిత షుగరు పరీక్ష శిబిరం పెడుతున్నాం. నేనూ బల్ల దగ్గర నిలబడ్డాను. పులిహోర తిన్న అరగంటకి వరసలో నిలబడి, 168 అని చీటీ పుచ్చుకుని, చీటీ మడిచి జేబులో పెట్టుకుని బొబ్బట్ల దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ 168కి అర్థం ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. మూడొందలు వచ్చినవాడు మర్నాడు ల్యాబుకి వెళ్ళాడా అని అడిగేవాళ్ళూ లేరు. ఎంతమందికి చేశామో మాత్రం వార్షిక నివేదికలో వస్తుంది. ఈసారి శిబిరం బదులు ఒక శుక్రవారం సాయంత్రం పెట్టి, ఎవరి మిషను వాళ్ళని తెచ్చుకోమందాం. గడువు, కొలత, చెయ్యి కడగడం, పుస్తకం రాయడం ఒకరికొకరం నేర్పుకుందాం. డాక్టర్లు ఇద్దరు చాలు. గేజిలు సరిచూడ్డానికి నేనొస్తాను, ఫీజు లేదు.

అమ్మ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు రోజూ ఫోన్లో షుగరు మాట ఎత్తను. ఆదివారం మాత్రం ఆవిడే పుస్తకం పేజీ ఫొటో తీసి పంపుతుంది, పక్కింటి అమ్మాయి చేత. మొన్న వచ్చిన పేజీలో గురువారం మధ్యాహ్నం ఎదురుగా 231 ఉంది. దాని పక్కన అమ్మ వంకర అక్షరాల్లో రాసుకుంది: "పనస తొనలు. ఆరు. చాలా బాగున్నాయి." నేను ఫోను చేసి ఎవరి చెట్టువని అడిగాను. అరగంట మాట్లాడింది.